ఇద్దరికీ పన్నెండేళ్లు

లెక్కల టీచర్నై ఇన్నేళ్లయినా, వయసుల లెక్క బోర్డు మీద రాసేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగుతుంది.

ఏడో తరగతిలో గుణకారాలు నోటితోనే చేసేదాన్ని. లెక్కను వాక్యాల్లో ఇస్తే మాత్రం తికమకపడేదాన్ని. ఒకరోజు మహబూబాబాద్‌లో ప్యాసింజర్ రైలు ఎక్కి, ఒక్కదాన్నే హాస్టల్‌కు వెళ్తూ అలాంటి లెక్కతోనే తంటాలు పడుతున్నాను. ఎదుటి సీట్లోని ముసలామె, "నాకు సదువు రాదు. గదేందో జర సదివి చెప్పు బిడ్డా," అంది.

చదివాను. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడింతలు. పన్నెండేళ్ల తర్వాత రెండింతలే. ఇప్పుడు ఎవరి వయసెంత?

"కొడుక్కి పన్నెండు కలిపినా కుదురుతలేదవ్వా," అన్నాను.

"కొడుకొక్కడే పెద్దగైతడా? నాయిన ముసలోడు గాడా?"

ఇద్దరికీ కలిపాను. తండ్రికి ముప్పై ఆరు, కొడుక్కి పన్నెండు. కుదిరింది. ఆ సంబరంలో, "నీ కొడుక్కెన్నేండ్లు అవ్వా?" అని అడిగాను.

"పద్దెనిమిది."

ఆమె జుట్టు మొత్తం నెరిసిపోయి ఉంది. "గంత చిన్నోడా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"అరవై తొమ్మిదిల, తెలంగాణ లొల్లిల, పోలీసు కాల్పులల్ల పోయిండు. గప్పుడు పద్దెనిమిదే, గిప్పుడూ పద్దెనిమిదే. ఈ పన్నెండేండ్లు నాకొక్కదానికే పెరిగినయి బిడ్డా."