కండక్టర్ మాటలు

ఒకరోజు మధ్యాహ్నం, మా కాలేజీలో ఇంటర్ చదివిన అమ్మాయి ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. జనగామలో మా వీధి చివర మిషను పెట్టుకున్న దర్జీ కూతురు. రెండేళ్లు నా దగ్గర తెలుగు పాఠాలు విన్న పిల్ల. హైదరాబాదులో ఒక కాలేజీలో సంగీత నాటకం కోర్సు ఉందట. అందులో చేరాలంటే ముందు వీడియో పంపాలి. ఎదురుగా ఇంకొకరు ఉన్నట్టు మాట్లాడుతూ, ఆ మాటల మధ్యలోంచే పాట అందుకోవాలి. ఆ రెండో మనిషి గొంతు వినిపించవచ్చు గానీ, మనిషి కనిపించకూడదు. ఎక్కడా కత్తిరించకూడదు.

"మీ ముందుగదిల వెలుతురు మంచిగుంటది మేడం. గీడ తీసుకుంటం," అంది.

సన్నివేశం తనే రాసుకుంది. జఫర్‌గఢ్‌లో ఆగని బస్సు ఎక్కిన ఓ పిల్ల, అక్కడే దించమని కండక్టర్‌ను బతిమాలుతుంది. అతను వినడు. చివరికి బస్సులో వాళ్లందరినీ తన వైపు తిప్పుకుంటూ పాట ఎత్తుకుంటుంది. పాట వరస కూడా తనదే.

ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, కండక్టర్ మాటలు నేనే చదివాను. ఇరవై ఏళ్లుగా క్లాసులో నాటకాలు చదివి వినిపిస్తున్నదాన్ని కదా, బాగానే చేశాననుకున్నాను. తీరా చూసుకుంటే వీడియో నిండా నా గొంతే. పిల్ల నా ముందు పాఠం అప్పజెబుతున్నట్టు బిగుసుకుపోయి ఉంది. నాలుగుసార్లు తీసినా అంతే. పాపం, నన్ను ఒక్క మాట అనలేక "ఇంకోసారి చేద్దాం మేడం" అంటూ వచ్చింది.

అంతలో, తను 'అబ్బా' అని పిలుచుకునే వాళ్ల నాన్న వచ్చాడు. కుర్తా భుజాల దగ్గర వదులుగా కనబడుతోందని తనే ఫోను చేసి పిలిచింది. ఆయన సూదీ దారం తీసి అక్కడికక్కడే రెండు కుట్లు వేస్తుంటే అడిగింది.

"అబ్బా, కండక్టర్ మాటలు నువ్వు చెప్పరాదు?"

"నాకు తెలుగు చదువరాదు గద బేటా."

"నేను చెప్త, నువ్వు అను."

చేతిలో పని ఆపకుండానే ఒక్కో మాటా కూతురి వెంట పలికాడు. మూడోసారికి తనంతట తానే మొత్తం చెప్పేశాడు. కాగితం మీదున్నవాటిని చూసి చదివిన నాకు అలా ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. ఆయన కుట్టు వేస్తూనే మాటమాటకూ కూతురి ముఖంలోకి చూశాడు.

ఫోను పక్కన నిలబడి, గొంతు పెంచకుండా, "ఆగదమ్మా. ఎక్కేటప్పుడు అడగాల్నా వద్దా?" అన్నాడు, రోజూ పదిమందికి అదే చెప్పి విసిగిపోయినవాడిలా. అంతే, పిల్ల ముఖంలోకి నిజమైన కంగారు వచ్చింది. ఆ వీడియో ఉల్లిగడ్డల ఆటో మైకుతో పాడైపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. సరిగ్గా పాటకు ముందు పిల్ల మాట మరిచిపోయింది. నేను ఆపుదామని చెయ్యి చాచాను.

"టికెట్ ఏడిదాకా తీస్కున్నవ్? ముందుగాల గది చెప్పు," అన్నాడాయన.

ఆ మాట కాగితంలో లేదు. పిల్ల క్షణం తడబడి, "ఆఖరుదాకా తీస్కున్న అన్నా, దించుడు మాత్రం మా ఊర్లె దించు!" అంటూ, ఆ విసురు మీదే పాటలోకి వెళ్లిపోయింది. సంగీతం నేర్చుకోని గొంతు. అయినా మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ వీడియోనే పంపాం. తర్వాత ఆయన్ని అడిగాను, "మాట మర్చిపోతే గట్ల అందుకోవాల్నని మీకెట్ల తెలిసింది అన్నా?"

"నాకేం తెల్వది మేడం. బిడ్డ ఆగిపోయింది. చూస్కుంట ఊకుంటమా?"

నెల తర్వాత ఆ కాలేజీవాళ్లు పిలిచి ముఖాముఖి పాడించుకున్నారు. సీటు వచ్చింది. "ఆ కండక్టర్ ఎవరని అడిగిన్రు మేడం. మా అబ్బా అంటే నమ్ముతలేరు," అని నవ్వింది.

ఇప్పుడు రెండో సంవత్సరం. సెలవులకు వస్తే దుకాణంలోనే తండ్రి ఎదురుగా కూర్చుని సాధన చేస్తుంది. మొన్న అటు వెళ్తుంటే ఆయన మిషను తొక్కుతూ ఓ గయ్యాళి అత్తగారి మాటలు చెబుతున్నాడు. జాకెట్టు కోసం వచ్చినావిడ అది అడగడం మానేసి, బల్ల మీద కూర్చుని వింటోంది. నేనూ పక్కన కూర్చున్నాను.