ఎడమ తుంటి మీద పాప

ఎనభై మూడులో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. కండరాలకు, కీళ్లకు వ్యాయామాలతో వైద్యం చేయడం మా పని. జనం మాత్రం మా గదిని 'కరెంటు గది' అనేవారు. కరెంటు మిషను పెట్టకుండా పంపిస్తే అసలు వైద్యమే జరగనట్టు ముఖం మాడ్చుకునేవారు. నాకూ నోటిదురుసు తక్కువేం కాదు.

పూతలపట్టు దగ్గర పల్లె నుంచి మునెమ్మ కూడా కరెంటు కోసమే వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎండలు ముదురుతున్న రోజులు. ఎడమ మోకాలి నొప్పికి సూదులు, మాత్రలు, ఆకుపసర్లు అన్నీ అయిపోయాయట.

"మోకాలికి కరెంటు పెట్టండి డాక్టరమ్మా. మెట్టెక్కితే పానం పోతాండాది."

"పెడతాలే. ముందు ఆ తలుపుదాకా నడిచి రా."

నడిచింది. ఎడమ కాలి మీద బరువు పడినప్పుడల్లా కుడివైపు నడుము కిందికి జారుతోంది, ఎడమ మోకాలు లోపలికి పోతోంది. తుంటి పక్కన గ్లూటియస్ మీడియస్ అనే కండరం ఉంటుంది. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము ఒరగకుండా పట్టి ఉంచేది అదే. అది బలహీనపడితే తొడ లోపలికి తిరిగి, భారం మోకాలి మీద పడుతుంది. తప్పొకరిది, శిక్ష ఇంకొకరికి.

"ఎప్పుడూ ఎడమపక్కకే ఒరిగి నిలబడతావేం?"

"పిల్లను ఆ పక్కనే ఎత్తుకుంటి. అట్లే అలవాటైపాయ."

"పిల్లకెన్నేళ్లు?"

"ఏడు."

"ఏడేళ్ల పిల్లనింకా మోస్తున్నావా? దానికి కాళ్లు లేవా?" అన్నాను.

మునెమ్మ తల వంచుకుంది. ఆమెకు పిల్లలు లేరు. తోడికోడలు జబ్బుపడి, నెలల పాపను ఈమెకు అప్పగించిందట. తోడికోడలి ఒళ్లు కుదుటపడ్డాక, నాలుగేళ్ల పాపను వెనక్కి తమ ఊరు వేలూరు తీసుకుపోయారు. పాప పోయి మూడేళ్లయినా మునెమ్మ తుంటి అలాగే పక్కకు వాలి ఉంది.

"దసరా సెలవుల్లో పాపకు కొండమీద తలనీలాలిస్తారంట. నడిచే ఎక్కుతారంట. నేనూ ఆ బిడ్డెంబడి ఎక్కల్ల," అంది.

తిరుమల మెట్లు మంచి మోకాళ్లనే ఏడిపిస్తాయి. కరెంటు మాట మరిపించి, కుడిపక్కకు తిరిగి పడుకుని ఎడమ కాలు పైకెత్తే వ్యాయామం నేర్పాను. చెనిక్కాయల చేలో పనిచేసే ఒళ్లు కదా, సులువుగానే పట్టుకుంది. రెండు కాళ్ల మీద సమంగా నిలబడడమే రాలేదు. నేను తుంటి సర్ది వదలగానే మళ్లీ పక్కకు వాలిపోయేది. ఒకసారి విసుక్కున్నాను.

"ఇట్ల నిలబడితే బిడ్డను కిందికి దించేసినట్టుండాది డాక్టరమ్మా," అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజుకు చాలించాం.

పండగ నాటికి నడక చక్కబడింది. "ఎత్తుకోమన్నా ఎత్తుకోకు," అని గట్టిగా చెప్పి పంపాను. ఆమె తల ఊపలేదు.

కొండ దిగాక నేరుగా నా దగ్గరికే వచ్చింది. నిలబెట్టి చూశాను. తుంటి సమంగా ఉంది, నొప్పి లేదంది.

"అయితే నా మాట విన్నావన్నమాట."

"యాడిది? మీరు తిట్టినా సరే, అడిగితే ఎత్తుకుందామనే పోయినాను. అడగనే లేదు. అన్ని మెట్లూ తనే ఎక్కేసింది, నాకన్నా ముందర," అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒరిగిన తుంటితో ఏ ఆడమనిషి వచ్చినా, ఏం బరువు మోశావని అడగడం అప్పుడే మానేశాను. ఎవరిని ఎత్తుకున్నావని అడుగుతాను. కొందరు జవాబు చెప్పేముందు కూర్చుంటారు.