తిమ్మరాయప్ప సారు హోమ్‌వర్కు

తిమ్మరాయప్ప సారుకు ఒకటే పిచ్చి. కంటబడిన మనిషికల్లా హోమ్‌వర్కు ఇచ్చేవాడు.

బడిపిల్లలకు ఇవ్వడం ఉద్యోగం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఈయన బడి గేటు దాటాక కూడా ఆగేవాడు కాదు. పాలవాడికి, మంగలికి, కరెంటు బిల్లు కట్టించుకునే గుమాస్తాకు, ఎవరు దొరికితే వాళ్లకు ఏదో ఒకటి అప్పజెప్పి, “రేపొచ్చి చూస్తా” అనేవాడు. అన్నాక మరుసటి రోజు నిజంగానే వచ్చేవాడు. జనానికి బాధంతా అక్కడే.

తొంభైల మొదట్లో హోసూరులో ఒక తెలుగు మీడియం బడిలో నేను సైన్సు టీచరుగా చేరాను. ఆయన లెక్కలు చెప్పేవాడు. టీచర్ల గదిలో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటే, ఎందుకు ఖాళీగా ఉందో తెలియక వెళ్లి కూర్చున్నాను. సాయంత్రానికి నాకూ హోమ్‌వర్కు పడింది.

ఒకసారి రాయకోట బస్సు కెలమంగలంలో ఎంతసేపటికీ కదల్లేదు. సారు కండక్టరు హనుమంతప్పను పిలిచాడు.

“ఆలస్యానికి కారణాలు రాసుకోని రా. రేపు ఇదే బస్సుకొస్తా.”

మరుసటి రోజు హనుమంతప్ప ఆయన్ను చూడగానే తలగోక్కున్నాడు. “రాయలే సార్. నోటితో చెప్తా.”

“అయితే నిలబడి చెప్పు.”

“కండక్టర్ని సార్. ఎప్పుడూ నిలబడే కదా ఉండేది!”

ఒక డాక్టరు రాసిచ్చిన చీటీ మందుల షాపువాడికి కూడా అర్థం కాకపోతే, సారు తిన్నగా వెనక్కు పోయి, “గుండ్రంగా రాసి పెట్టండి డాక్టరూ, రేపొచ్చి చూస్తా” అన్నాడు. ఆ డాక్టరు ఆనాటి నుంచి ఊళ్లో ఒక్క తిమ్మరాయప్ప సారుకు మాత్రం అచ్చక్షరాల్లో మందులు రాసేవాడు.

నా పెళ్లిలో అక్షింతలు వేస్తూ నా భార్య పవిత్రతో, “ఇతని మంచి గుణాలు ఒక పేజీ రాయమ్మా” అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే గడపలో నిలబడ్డాడు. పవిత్ర తలుపు చాటు నుంచి, “రాసేదానికి ఏమీ దొరకలే సార్” అంది.

“పరవాలేదమ్మా. ఇంకొక రోజు టైమిస్తా.”

ఈ పిచ్చి చూసి ఊరంతా నవ్వుకునేది. నేనూ నవ్వాను, ప్రసాదు సంగతి వచ్చేదాకా.

ప్రసాదు మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు. నాగన్న అనే తాపీమేస్త్రీ కొడుకు. విడవని జ్వరమని బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. మందులకు జుట్టంతా రాలిపోయింది. జనంలోకి పోతే ఏ చిన్న జబ్బు అంటుకున్నా ప్రమాదమని బడి మాన్పించారు. హెడ్మాస్టరు ఒకసారి, టీచర్లం కొందరం ఒకసారి వెళ్లి, బత్తాయి పళ్లిచ్చి, “అయ్యో” అని వచ్చేశాం. ఆ తర్వాత తిమ్మరాయప్ప సారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ప్రసాదు నెత్తికి తువాలు చుట్టుకుని చాప మీద పడుకుని ఉన్నాడు. నాగన్న మాకు స్టూలు వేసి, ఏదో చెప్పబోయి చెప్పలేక గోడవైపు తిరిగాడు.

“ఏమిరా ప్రసాదూ, భిన్నాలు యాడిదాకా వచ్చినాయి?” అన్నాడు సారు.

“కూడికలు వస్తాయి సార్. తీసివేతలు రావు.”

“ఇన్ని రోజుల నుంచి పడుకోనే ఉండావే, తీసివేతలు నేర్చేదానికి తీరిక దొరకలేదా?”

నాకు తల తీసేసినట్టయింది. నాగన్న ముఖం నల్లబడింది. ప్రసాదు మాత్రం పకపకా నవ్వాడు. వంటింట్లోంచి వాళ్లమ్మ అంజినమ్మ చేతికంటిన పిండి దులుపుకోకుండా పరిగెత్తుకొచ్చింది. కొడుకు నవ్వుతున్నాడని నమ్మలేక అట్లాగే నిలబడి చూసింది.

“పడుకోని రాస్తే చెయ్యి నొప్పెడుతుంది సార్.”

“అయితే నోటితో చెప్పు. నోరు పడుకోలేదు కదా! ఇదో, ఈ నాలుగు లెక్కలు. రేపొచ్చి చూస్తా.”

తిరుగుదారిలో నేను ఉండబట్టలేక అడిగేశాను. “డాక్టర్లే ఆశ లేదంటా ఉండారు. ఆ పిల్లోనికి భిన్నాలెందుకు సార్?”

“మరి ఏం చెప్పమంటావు వానికి?”

నేను నడక వేగం పెంచాను.

“తొందర లేదు శశికుమారూ. ఆలోచించి రేపు చెప్పు.”

నాకు మళ్లీ హోమ్‌వర్కు పడింది.

ఆయన రోజూ వెళ్లేవాడు. లెక్క తప్పితే తిట్టేవాడు. చెయ్యకపోతే మరీ తిట్టేవాడు. “ఇంటికొచ్చినోళ్లంతా ఏడ్చిపోతారు. సారు ఒక్కడే తిట్టిపోతాడు” అని అంజినమ్మ మా ఇంట్లో పవిత్రతో చెప్పిందట. “సారు వచ్చే టైముకు వాడే లేచి దిండుకు ఆనుకోని కూచుంటాడమ్మా.”

వానాకాలం మధ్యలో ప్రసాదు పోయాడు.

మేము వెళ్లేసరికి వాకిట్లో జనం. నాగన్న మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏదో తప్పు చేసినవాడిలా సారు ముందు చేతులు కట్టుకున్నాడు.

“సార్, నిన్న మీరిచ్చింది సగమే చేసినాడు. మిగతాది చెయ్యలేకపోయినాడు.”

“సగం చాలప్పా” అన్నాడు సారు. “బాగా చేసినాడు. శానా బాగా చేసినాడు.”

ఆయన ఒకరిని మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత సారు ఎవరికీ హోమ్‌వర్కు ఇవ్వలేదు. బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగినా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. హనుమంతప్ప నన్ను పక్కకు పిలిచి, “సారుకు ఒంట్లో బాగలేదా? ఈ రోజు బస్సు అంతసేపు ఆగితే ఒక్క మాట అనలేదే” అన్నాడు. ఊళ్లో జనం, తమను తిట్టే మనిషి లేక, దిగులుపడ్డట్టు తిరిగారు.

రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఒకరోజు రాయకోట నుంచి జయరామప్ప అనే రైతు బడికి వచ్చాడు. ఆయన కూతురు రశ్మి హోసూరులో అమ్మమ్మ ఇంట్లో ఉండి మా దగ్గర ఏడో తరగతి చదివేది. కీళ్లవాపు జ్వరం వచ్చి గుండెకు తగిలింది. ఊరికి తీసుకుపోయారు. ఇప్పుడు టీసీ కోసం వచ్చాడు. సారు దించిన తల ఎత్తాడు.

“టీసీ ఎందుకప్పా?”

“గుండెలో కవాటం చెడిందంట సార్. మెట్లెక్కితే ఆయాసం. ఆపరేషన్ చెయ్యాలంట. ఇంక బడి వద్దన్నారు.”

“బడి వద్దన్నారా, మెట్లు వద్దన్నారా?”

జయరామప్ప తడబడ్డాడు. “మెట్లే సార్.”

“మీ ఇంట్లో మెట్లుండాయా?”

“లేవు సార్.”

“అయితే శనివారం వస్తా.”

టీసీ ఆపడానికి హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. “రాని పిల్ల పేరు ఎట్ల పెట్టుకునేది? పైవాళ్లు అడిగితే?”

“పిల్ల రాలేకపోతే నేను పోతా ఉండానని చెప్పండి. ఎట్ల చెప్తే బాగుంటుందో ఆలోచించండి. రేపొచ్చి చూస్తా.”

టీచర్ల గదిలో అందరం ముఖముఖాలు చూసుకున్నాం. పిచ్చి తిరిగొచ్చింది. హెడ్మాస్టరు ఆ హోమ్‌వర్కు తప్పించుకోవడానికి రశ్మి పేరు అట్లాగే ఉంచేశాడు.

శనివారాలూ ఆదివారాలూ సారు రాయకోట బస్సెక్కేవాడు. రశ్మి తల్లి మంజులమ్మకు మొదట్లో ఆయనంటే మంట.

“పిల్లకు ఊపిరాడక ఉంటే హోమ్‌వర్కా సార్?”

“ఊపిరితో రాయమనలేదమ్మా. పెన్సిలుతో రాయమన్నాను.”

ఆపరేషన్‌కు బెంగళూరు ఆసుపత్రిలో పిలుపు రావడానికి ఏడాది పైనే పట్టింది. ఈలోపల రశ్మి చిక్కిపోయింది. మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకునేది. పిలుపు వచ్చాక, ఆపరేషన్ ముందురోజు సారూ నేనూ వెళ్లాం. డాక్టరు జయరామప్పతో వరండాలో మాట్లాడుతూ ఉన్నాడు. పిల్ల బలహీనంగా ఉంది, ఏమీ గట్టిగా చెప్పలేం అంటున్నాడు. ఆ మాటలు సారు విన్నాడు.

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. లెక్క అడగలేదు. రశ్మి చెయ్యి నిమిరి, “తిని పడుకో తల్లీ” అని లేచాడు. తలుపు దగ్గరికి వచ్చాం.

“సార్.”

వెనక్కు తిరిగాం. రశ్మి ముఖం పాలిపోయి ఉంది.

“హోమ్‌వర్కు ఇయ్యలేదే. అంటే రేపు మీరు రారా?” గాలి పీల్చుకుంది. “నేను ఉండనని డాక్టరు మీకు చెప్పినాడా సార్?”

మంజులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సారు మంచం దగ్గరికి తిరిగి వచ్చాడు.

“ఎవరు చెప్పినారే ఆ మాట? ముసలోన్ని, మరచిపోయినాను. ఇంతలోకే సంబరమా నీకు? తియ్యి పుస్తకం. ఈ క్షేత్రగణితం పాఠం మొత్తం. దాని తర్వాతి పాఠం. దాని తర్వాత బీజగణితం, చివరి లెక్కదాకా!”

“అంతా ఎప్పుడు చేసేది సార్?”

“నెల పట్టనీ, ఏడాది పట్టనీ. నాకేం? వచ్చి చూస్తానే ఉంటా.”

రశ్మి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. “శానా ఎక్కువ సార్” అని గొణుక్కుంటూ పడుకుంది.

ప్రసాదు ఇంటి నుంచి వస్తూ సారు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఆరోజు దొరికింది. చెప్పడానికి పక్కకు తిరిగితే ఆయన వరండా చివర, గోడకు తల ఆనించుకుని ఉన్నాడు. చెప్పకుండా ఊరుకున్నాను.

ఆపరేషన్ తర్వాత రెండు రోజులు ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మూడోరోజు ఒక్కొక్కరినే పంపారు. సారు వెళ్లి, వెంటనే బయటికి వచ్చాడు. కళ్ల వెంట ధారగా నీళ్లు. మంజులమ్మ కెవ్వుమంది. జయరామప్ప గోడ పట్టుకుని జారిపోయాడు.

“ఏమైంది సార్?”

“ఏమీ కాలేదప్పా. బాగుంది.” సారు పంచెతో ముఖం తుడుచుకున్నాడు. “ఒక్క లెక్క కూడా చెయ్యలేదంట! నన్ను చూస్తూనే దుప్పటి ముసుగేసుకుంది.”

రశ్మి ఇంటి దగ్గరే చదివి, తోటివాళ్ల కంటే రెండేళ్లు ఆలస్యంగా, రెండువేల మూడులో పది పాసైంది. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న సారుకు చెప్పడానికి జయరామప్పతో కలిసి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. మార్కుల కాగితం తీసుకుని సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“లెక్కల్లో యాభై రెండేనా? సిగ్గులేదా?”

“పాసైనాను కదా సార్!”

“అయితే? పరీక్షలో యాడ తప్పినావో అవన్నీ మళ్లా చేసుకోని రా. ఈసారి నేను రాను. నువ్వే రావాల.”

రశ్మి మరుసటి రోజు వచ్చింది. సీటు దొరకలేదట, రాయకోట నుంచి హోసూరుదాకా బస్సులో నిలబడి.