చీటీ కింది పేరు

దబీర్‌పురా స్టేషన్ అవతల పంపుల సామాను ఉంచే సర్కారు గోదాం ఒకటి ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని, సామాను తీసుకెళ్లే డ్రైవర్లకు చీటీలు ఇచ్చే మనిషి మహేశ్వరి. రోజూ జల్‌పల్లి నుంచి వస్తుంది. భర్త ప్రేమ్‌రాజ్ అదే కుర్చీలో పనిచేస్తూ గుండెపోటుతో పోతే, కారుణ్య నియామకం కింద ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు.

మన ఆఫీసుల్లో కుర్చీ చేతులు మారితే బీరువా తాళాలు, టీ గ్లాసు కూడా వెంట వస్తాయి. ఈమెకు ఆయన కంప్యూటర్ ఖాతా కూడా అలాగే వచ్చింది. పాస్‌వర్డ్ మార్చి ఇచ్చారు గాని పేరు మార్చలేదు. దాంతో ఆమె ఇచ్చే ప్రతి చీటీ కింద 'ఇచ్చినవారు: ప్రేమ్‌రాజ్' అని అచ్చవుతూనే ఉంది.

కొత్త డ్రైవర్లు చీటీ చదివి, ప్రేమ్‌రాజ్ భాయ్ ఎక్కడ, సంతకం కావాలి అని అడుగుతారు. గుజర్ గయే, పోయారు అని చెబుతుంది. మొదట్లో ఆ మాట మొహం చూసి అనలేక, చీటీ వైపు చూస్తూ అనేది. తర్వాత తర్వాత 'రెండో గేటు నుంచి పొండి' అన్నంత తేలిగ్గా రాసాగింది. అలా వస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. భర్త కోసం ఏడ్చి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఒకరోజు సర్వర్ చూసే డానియేలు వచ్చినప్పుడు, ఆ పేరు తీసి తన పేరు పెట్టమని అడిగింది. పక్క బల్ల నుంచి బసవయ్య లేచాడు. ఆయన గోదాముకు పెద్ద, ప్రేమ్‌రాజ్‌కు ప్రాణస్నేహితుడు. నోట్లో పాన్, కళ్లలో నీళ్లు. ఆ పేరు అట్లా ఉంచమని చెప్పింది తనేనని, రోజూ చీటీల మీద దోస్తు పేరు చూసుకోవడం తనకు దండం పెట్టుకున్నట్టు ఉంటుందని అన్నాడు. పాపం, మంచివాడే. మంచివాళ్లతోనే చిక్కు, వాళ్ల మీద కోపం కూడా తెచ్చుకోలేం. ఆమెను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

మహేశ్వరి అచ్చయిన చీటీ ఒకటి ఆయన ముందుకు జరిపింది.

"మీరు ఆయన్ని యాది చేసుకుంటున్నరన్నా. నేను రోజూ ఆయన సచ్చిపోయిండని మందికి చెప్తున్న," అంది.

బసవయ్య డానియేలు వైపు చూసి, కానీయమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ పాత సర్వర్‌లో బొమ్మలు, బటన్లు ఉండవు. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. డానియేలు నాలుగక్షరాల ఆజ్ఞ కొట్టి కీబోర్డు ఆమె ముందుకు జరిపాడు. తెర ఒక్కొక్కటే అడుగుతుంది, పాత వివరం పక్కనే చూపిస్తుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే పాతదే ఉంటుంది. పూర్తి పేరు దగ్గర ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. గది నంబరు, ఆఫీసు ఫోను అలాగే ఉంచింది. ఇంటి ఫోను దగ్గర ప్రేమ్‌రాజ్ నంబరు కనిపించింది. ఆమె వేలు చాలాసేపు ఎంటర్ మీదే ఆగింది. చివరికి తన నంబరు కొట్టింది.

దీనితో లాగిన్ పేరు మారదని, పొద్దున లోపలికి వెళ్లాలంటే ఇంకా ప్రేమ్‌రాజ్ అనే కొట్టాలని డానియేలు నసిగాడు. కావాలంటే దానికి వేరే ఆజ్ఞ ఉందన్నాడు.

"అది ఉండనీ తమ్మీ. అది నేనొక్కదాన్నే చూస్త," అంది.

మర్నాడు ధూల్‌పేట్ వైపు నుంచి కొత్త డ్రైవర్ ఒకడు వచ్చాడు. చీటీ చదివాడు, ఆమె ముందు పెట్టి సంతకం చేయించుకున్నాడు, సామాను వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా వచ్చిన వాళ్లంతా అంతే. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం జల్‌పల్లి షేర్ ఆటోలో, పక్కన కూర్చున్న వాళ్లు కంగారు పడేలా, మహేశ్వరి మొగుడి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.