స్లిమ్ అయ్యానత్తా

మా అన్న సెబులీబా ఎలా పోయాడో మా ఊరు మసాకాలో అందరికీ తెలుసు. ఎముకల గూడై నా చేతుల మీదే పోయాడు. ఎయిడ్స్ అన్నారు డాక్టర్లు. మేం మాత్రం ఆ జబ్బుని ‘స్లిమ్’ అనేవాళ్లం. అనడం కూడా ఎక్కడిది, గొణుక్కునేవాళ్లం. వదిన కూడా ఆ ఏడాదే పోయింది. వాళ్ల ఐదేళ్ల కూతురు నబుకీర నాకు మిగిలింది.

దాన్ని బొద్దుగా పెంచాను. కావాలనే పెంచాను. మార్కెట్లో పచ్చి అరటిగెలలు అమ్మేదాన్ని, తిండికేం లోటు? అరటికాయ ముద్ద మీద వేరుశనగ పులుసు పొర్లిపోయేలా పోసేదాన్ని. ఒళ్లున్న పిల్ల వీధిలో నడుస్తుంటే ఎవడైనా స్లిమ్ అని నోరెత్తగలడా? నవ్విందంటే ఒళ్లంతా కదిలేది నా తల్లికి. లెక్కల్లో మహా చురుకు. కంపాలాలో యూనివర్సిటీ సీటొచ్చింది.

అక్కడ ఇంకా లావెక్కింది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చోవడం, గేటు దగ్గర గుడ్డు చుట్టిన చపాతీలు, చిప్స్, సోడాలు. నాలుగడుగుల దూరంలో ఉన్న క్లాసుకి కూడా కిరాయి మోటార్ సైకిల్ ఎక్కేదట. రెండో ఏడు కళ్లు తిరిగి పడిపోతే బీపీ చూశారు. ఇరవై ఏళ్ల పిల్లకి అరవై ఏళ్ల ముసలమ్మ బీపీ అన్నాడట డాక్టరు. రోజూ మాత్ర వేసుకో, ఒళ్లు తగ్గించు, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది అన్నాడట. నాకు చెబితే కంగారుపడతానని చెప్పలేదు.

సెలవులకి వచ్చింది. బస్సు దిగిన మనిషిని నేను పోల్చుకోలేకపోయాను.

“స్లిమ్ అయ్యానత్తా! చూడు, పదిహేడు కిలోలు!” అంటూ నడిబజార్లో గిర్రున తిరిగింది.

“నోర్ముయ్!” అని అరిచాను. వాళ్ల హాస్టల్లో అది పొగడ్తట! ఆ మాట విని బజారంతా మా వైపే చూసింది.

ఆ మర్నాడే రక్తపరీక్షకి లాక్కెళ్లాను. ఏమీ లేదన్నారు. అయినా ఊరుకుందా ఊరు? రోజూ వేళ తప్పకుండా మాత్ర మింగేది ఆ జబ్బువాళ్లేనని మా ఊళ్లో లెక్క. పక్క కొట్టామె, కవలల్ని కన్నదని అందరూ కవలలమ్మ అంటారు, మెల్లగా చేరింది. “రోజూ ఏడింటికి టంచనుగా మాత్ర మింగుతోందటగా పిల్ల? వాళ్ల నాన్న పోలికేనా?” అంది.

“పరీక్ష కాగితం నుదుటికి అంటించుకుని తిరగనా అత్తా?” అంది నబుకీర.

“నవ్వులాటగా ఉందా నీకు?”

మా గండా తెగవాళ్లలో ఆడపిల్ల ఒంటి సంగతీ పెళ్లి సంగతీ మేనత్తే చూడాలి. తల్లి ఉన్నా సరే, మేనత్త మాటే మాట. ఆ అధికారంతోనే చెప్పాను.

“ఆ మాత్రలు అవతల పారెయ్. మళ్లీ ఒళ్లు చెయ్యి.”

“మానేస్తే చచ్చిపోతావన్నాడత్తా డాక్టరు.”

“ఆ జబ్బు పేరు మోస్తూ బతకడం కంటే నయమేగా!” అన్నాను. ఈ పాడు నోటితోనే అన్నాను.

ఏడ్చింది. ఏడుస్తూనే మాత్రల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. దగ్గర కూర్చుని ముద్ద మీద ముద్ద తినిపించాను. వద్దత్తా అంటే గడ్డం పట్టుకుని మరీ పెట్టాను. కంపాలాకి కూడా వేయించిన వేరుశనగలు డబ్బాలకొద్దీ పంపాను. ఏడాది తిరక్కుండా పోయిన ఒళ్లంతా తిరిగొచ్చింది. నా కడుపు చల్లబడింది, నా మొహం తగలెయ్య.

ఆఖరి పరీక్షలకి వారం ముందు లైబ్రరీ మెట్ల మీద కూలబడిపోయింది. నేను వెళ్లేసరికి కుడి పక్కంతా పడిపోయింది, మాట లేదు. తలలో నరం చిట్లిందన్నారు. మాత్రలు వేసుకుంటోందా అని అడిగాడు డాక్టరు. తల దించుకున్నాను. రెండు రోజులుంది.

పూడ్చే ముందు ఆఖరి చూపుకని, మావాళ్లు శవానికి చుట్టే చెట్టు బెరడు బట్టని మొహం మీంచి తీశాం. కవలలమ్మ నా చెయ్యి పట్టుకుంది. నన్ను ఓదారుద్దామనే అంది పాపం.

“ఏడవకు తల్లీ. స్లిమ్ కాదని ఊరందరికీ తెలిసింది, అదే పదివేలు. ఎంత నిండుగా ఉందో చూడు పిల్ల!”

అందరూ తొంగి చూశారు. అవునవునన్నారు.

“నేనే తినిపించాను,” అన్నాను.