నిమ్మకాయలు తొక్కని కారు

లోకమంతా ఇళ్ళల్లో కూర్చున్న ఆ రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టింది. కొందరు రొట్టెలు కాల్చారు, కొందరు జుట్టు తామే కత్తిరించుకున్నారు (ఆ తర్వాత టోపీలు కొనుక్కున్నారు). నేను మాత్రం కారు ఇరుసు మార్చాను. అప్పుడు నేను దేశంకాని దేశంలో, మెయ్‌నూత్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతూ, దగ్గర్లోని ఆడమ్స్‌టౌన్‌లో ఒక కరీంనగర్ అంకుల్ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి కాబట్టి నా చదువు పైగదిలో, మనసు ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉండేవి. ఆ టార్పాలిన్ కింద అంకుల్ ప్రాణం ఉంది: అరవైల నాటి ఎర్రటి అమెరికా మజిల్ కారు. స్టార్ట్ చేస్తే వంటింట్లో గిన్నెలు కదిలేవి.

ఇంజిన్‌కు ఏనుగు బలమే గానీ, వెనక చక్రాలను తిప్పే ఇరుసు ముసలిదైపోయింది. లాక్‌డౌన్ మొదట్లోనే దాని లోపలి పళ్ళు విరిగి కారు మూలపడింది. మామూలుగా అయితే వదిలేసేవారే. కానీ అంకుల్ కూతురికి చిన్నప్పుడే మాటిచ్చేశారు: "నీ డెబ్స్‌కు ఈ కార్లనే తీస్కపోత బిడ్డా!" ఇక్కడ బడి చదువు ముగిశాక పిల్లలు ముస్తాబై వెళ్ళే వేడుక పేరే డెబ్స్. పాపం ఆ పిల్లకు పరీక్షలు రద్దయ్యాయి, బళ్ళో వీడ్కోలూ పోయింది, స్నేహితులు ఫోన్లోనే మిగిలారు. వాయిదాల మీద వాయిదాలు పడ్డ ఆ డెబ్స్ ఒక్కటే దక్కింది, అదీ బడి మైదానంలో టెంటు వేసి. కారు సంగతి అడిగితే "ఇట్స్ గ్రాండ్, డాడ్" (ఇక్కడి భాషలో 'పర్లేదులే' అని) అనేసి గదిలోకి వెళ్ళిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా అంకుల్ మొహం చిన్నబోయేది.

వెతగ్గా వెతగ్గా క్లాండాల్కిన్‌లో పాత బళ్ళు విప్పి అమ్మే ఒక యార్డులో ఇరుసు దొరికింది. వేరే మోడల్‌ది, మా దానికంటే లావు, గట్టిది. అయితే అప్పట్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని రూలు, ఆ యార్డు ఆ గీతకు అవతల ఉంది. ఆంక్షలు సడలేదాకా అంకుల్ దాని ఫోటోను, సంబంధం ఖాయమైన కుర్రాడు పెళ్ళికూతురి ఫోటో చూసుకున్నట్టు చూసుకున్నారు. తీరా తెచ్చి బిగిస్తే రెండు బోల్టుల కన్నాలు కలవలేదు.

"వేరే మోడల్ గద తమ్మీ, అట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు. డ్రిల్ అందుకో!"

నేను ఇంజనీరుని (కంప్యూటర్ల ఇంజనీరునే, అయినా ఇంజనీరే కదా). గంభీరంగా తలూపి డ్రిల్ అందించాను.

డెబ్స్ సాయంత్రం రానే వచ్చింది. అప్పటికి గానీ మా బిగింపు పూర్తికాలేదు. "పూజ చెయ్యకుంట బండి కదిలిందంటే నేనూకోను" అని ఆంటీ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పాప ఆకుపచ్చ గౌనులో గుమ్మం మీద నిలబడింది. పక్కిళ్ళవాళ్ళు దూరందూరంగా నిలబడి చప్పట్లకు సిద్ధమయ్యారు. అంకుల్ దేవుడికి దండం పెట్టి, మొదటి గేర్ వేశారు.

కారు ఝామ్మని వెనక్కి పోయింది! చెత్తడబ్బాను పడగొట్టి, వంటింటి కిటికీకి జానెడు దూరంలో ఆగింది. నిమ్మకాయలు నాలుగూ చెక్కుచెదరలేదు.

"ఓ దేవుడా! నిమ్మకాయలు ముంగట వెడితే బండి ఎనకకు పోవుడేందయ్యా!" అని ఆంటీ గుండె పట్టుకున్నారు.

నా ఇంజనీరు బుర్ర అప్పుడు వెలిగింది. ఇరుసు మధ్యలో పళ్ళచక్రాలుండే గుండును తలకిందులుగా బిగించాం. కన్నాలు కలవక, తిప్పి పెట్టండని అది మమ్మల్ని బతిమాలుకుంటే, మేం కొత్త కన్నాలు పొడిచాం. సరిచేయాలంటే మళ్ళీ అంతా విప్పాలి, రెండు రోజుల పని. అంకుల్ స్టీరింగ్ మీద తల వాల్చేశారు. "నేను మాట తప్పిన, బిడ్డా" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పాప గౌను ఎత్తి పట్టుకుని కారు దగ్గరికొచ్చింది. కాసేపు నిమ్మకాయల వంక, కాసేపు చెత్తడబ్బా వంక చూసింది.

"డాడ్, ట్రై రివర్స్."

అంకుల్ రివర్స్ గేర్ వేశారు. కారు మెల్లగా ముందుకు కదిలింది. నిమ్మకాయలు పటపటా చితికాయి. ఆంటీ రెండు చేతులూ ఎత్తి మొక్కారు, వీధంతా చప్పట్లు.

పాపను ఎక్కించుకుని అలాగే బయల్దేరాం. రివర్స్ గేర్ కుయ్యోమని మూలుగుతోంది, వేగం మనిషి నడకంత. నేను కారు ముందు చేతులూపుతూ దారి చేస్తూ నడిచాను. గేట్ల దగ్గర ముసలాళ్ళు చేతులూపారు, పిల్లలు సైకిళ్ళ మీద వెంటబడ్డారు. బడి కనబడగానే అంకుల్ "సారీ బిడ్డా, గింతకన్న జోరుగ పోదు" అన్నారు. ఎప్పుడు తెలుగులో పలకరించినా ఇంగ్లీషులోనే బదులిచ్చే ఆ పిల్ల, తండ్రి భుజం మీద తల పెట్టి, "ఇంకా మెల్లగ పో, నాన్నా" అంది.

తర్వాత ఆ గుండును సరిగ్గా తిప్పి బిగించాం. కారు ఇప్పుడు బుద్ధిగా ముందుకే పోతుందట. నాకూ ఒక చిన్న కారుంది, దాని ఇరుసు ఎక్కడుందో కూడా నేనడగలేదు. కానీ రివర్స్ గేర్ వేసిన ప్రతిసారీ, గంభీరంగా తలూపి డ్రిల్ అందించిన ఆ కుర్ర ఇంజనీరు గుర్తొస్తాడు. పాపం, ఎంత నమ్మకంగా ఊపాడో తల!