ఎడంచేతి గరిటె

మొన్న కంకిపాడు దాటాక ఉన్న మా మనవరాలి కాలేజీకి వెళితే, పెద్దవాళ్ళకీ అక్కడే భోజనం అన్నారు. పిల్లలు తింటూ తింటూ లేచి వెళ్ళి, ఎడంచేత్తో గరిటె పట్టుకుని అన్నం మళ్ళీ పెట్టుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. నాకు మాత్రం మా మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్య అమ్మకి అన్న. డెబ్బైల్లో పటమట వైపు ఒక కాలేజీ హాస్టల్‌కి వార్డెన్. నేనూ అక్కడే ఉండి చదువుకున్నాను. చాలన్నాక కూడా ఇంకో గరిటె వేయడం మా వైపు మర్యాద కదా, మెస్సులో వడ్డించేవాళ్ళు ఆ మర్యాదకి ఏ లోటూ రానిచ్చేవారు కాదు. సగం అన్నం వెనక తలుపు దగ్గరి డ్రమ్ములోకి పోయేది. ఆ పులిసిన వాసన మా గదుల దాకా వచ్చేది.

తుఫానుకి సముద్రం పైకొచ్చి దివిసీమ వైపు ఊళ్ళు కొట్టుకుపోయిన ఏడు, మామయ్య అంతకుముందు పాఠాలు చెప్పిన ఊరూ అందులో పోయింది. చూసి వచ్చిన మనిషి, చర్చిలో ప్రార్థన చేయబోయి మధ్యలోనే కూర్చుండిపోయాడు. అక్కడి శిబిరంలో ప్రాణాలతో మిగిలినవాళ్ళకి మాటిచ్చి వచ్చాడట: "మా పిల్లలు పారేసేదే మీకు సరిపోద్దమ్మా. ఆ బియ్యం మిగిల్చి వచ్చే ఆదివారం తెస్తాను."

మర్నాడే వడ్డన మాన్పించి, గిన్నెలు బల్లల మీద పెట్టించాడు. ఎవరికి కావలసినంత వాళ్ళే పెట్టుకుంటే పారేసేదేముంటుందని ఆయన ధీమా. పాపం, జన్మలో ఒక్కసారైనా తనంతట తను వడ్డించుకుని ఎరగడు. ముందు అమ్మమ్మ, తర్వాత అత్తయ్య.

ఆ పూట అందరూ అన్నం కొండల్లా పెట్టుకున్నారు. డ్రమ్ము నిండి కింద పొర్లింది. మామయ్య ఒక కుర్రాణ్ణి ఆపి, ఎందుకంత పెట్టుకున్నావని అడిగాడు.

"మళ్ళీ పెట్టుకోడం కుదరదు కదండీ. కుడిచెయ్యి ఎంగిలైపోద్ది. ఎడంచేత్తో అన్నం పెట్టుకుంటామా అండీ?"

కూర్చున్నవాళ్ళు హిందువులూ క్రైస్తవులూ కూడా, కానీ ఆ పట్టింపు అందరిదీ, ఆయనది కూడా. ఎడంచెయ్యి ఫరవాలేదని రోజూ బతిమాలాడు. పిల్లలు వినీ విననట్టు మళ్ళీ కొండల్లానే పెట్టుకున్నారు. బియ్యం మిగలకపోగా ఇంకా ఎక్కువ వండాల్సి వచ్చింది. వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ గారు పిలిచి, పాత పద్ధతే పెట్టించారు.

ఆదివారం అత్తయ్య ఇంట్లో ఉన్న బియ్యం ఊడ్చి సంచిలో పోసింది. దాంతోనే వెళ్ళాడు. తిరిగొచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నారండీ?" అంది అత్తయ్య.

"ఏమంటారు. ఆ కాసిని గింజలకే లేచి నిలబడి దణ్ణం పెట్టారే."

ఆ తర్వాత ఆయన మెస్సులో అడుగు పెట్టలేదు. మరుసటి ఏడు వార్డెన్ పనీ వదిలేశాడు. ఆ ఊరి పేరు మళ్ళీ ఆయన నోట వినలేదు.

మొన్న చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కుళాయిల పక్కన నీలం డ్రమ్ము, అంచు దాకా తెల్లటి అన్నం. మామయ్య పోయి చాలా కాలమైంది. ఆయన్ని ఓడించిన ఎడంచేతి పట్టింపూ పోయింది. డ్రమ్ము మాత్రం నిండుతూనే ఉంది, ఆ కాలం ఇంకా గడవనట్టు.